మొటిమల గుంటలకు చికిత్స: మా ఇంటి అనుభవం

మొటిమలను మన ఇళ్లలో వ్యాధిగా లెక్కించే అలవాటు తక్కువ. వయసులో ఉన్న పిల్లలకు వస్తాయి, కాలం గడిస్తే పోతాయి అని సరిపెట్టుకుంటాము. ఎక్కువమందికి అవి నిజంగానే అలా పోతాయి. కాని కొందరి ముఖాల మీద పోతూ పోతూ లోతైన గుంటలను మిగిల్చిపోతాయి. ఆ గుంటలకు నొప్పి ఉండదు, జ్వరం రాదు, పని ఆగదు. అందుచేత వాటికి చికిత్స ఏమిటని తేలికగా కొట్టిపారేసే పెద్దలు మన బంధువర్గంలో ఉంటారు. అదే పెద్దలు పెళ్లి సంబంధాల వేళ ఆడపిల్ల ముఖాన్ని దీపం పెట్టి వెతికినట్టు చూస్తారు. ఈ రెండు ధోరణుల మధ్య నలిగిపోయేది ఆ పిల్ల.

మా రెండో అమ్మాయి చికిత్స కోసం రెండేళ్లుగా కర్నూలు, కడప నగరాల మధ్య తిరిగాము. ఆ తిరుగుడులో వైద్యుల నుంచి, ఉలమాల నుంచి తెలుసుకున్న విషయాలు మరికొన్ని కుటుంబాలకు ఉపయోగపడతాయనే ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాము. మేము వైద్యులము కాము. ఇక్కడ రాసినది వైద్యుని దగ్గరకు వెళ్లే ముందు తెలిసి ఉంటే మంచిదని మాకు అనిపించినది మాత్రమే.

మరక వేరు, గుంట వేరు

అమ్మాయికి పదిహేనవ ఏట మొటిమలు మొదలయ్యాయి. చిన్నవి కావు, చెంపల మీద, దవడ మీద బఠాణీ గింజంత గడ్డలు. కర్నూలు ప్రభుత్వ ఆసుపత్రి చర్మ విభాగంలో చూపించాము. మాత్రలతో, పూతమందుతో పద్దెనిమిదవ ఏటికి మొటిమలు పూర్తిగా ఆగిపోయాయి, అల్‌హమ్దులిల్లాహ్. అయితే అప్పటికే రెండు చెంపల మీద గుంటలు నిలిచిపోయాయి. చికిత్స జరిగినా ఇలా ఎందుకైందని మేము అడిగినప్పుడు అక్కడి వైద్యులు ఓపికగా వివరించారు.

మొటిమ తగ్గాక కనిపించే నల్లని లేదా ఎర్రని మరక గుంట కాదు. మనవంటి చామనచాయ చర్మంలో వాపు వచ్చిన చోట మెలనిన్ అనే వర్ణకం ఎక్కువగా పేరుకుంటుంది. అది నెలలు గడిచేకొద్దీ పలచబడుతుంది. పూతమందులు దానికి సహాయపడతాయి. గుంట సంగతి వేరు. పైచర్మం కింద డెర్మిస్ అనే మందమైన పొర ఉంటుంది. దానికి బలాన్నిచ్చేది కొల్లాజెన్ అనే పీచు పదార్థం. పెద్ద మొటిమ లోలోపల చితికినప్పుడు ఆ వాపు చుట్టూ ఉన్న కొల్లాజెన్‌ను నాశనం చేస్తుంది. పోయినది పోయినంతగా తిరిగి పుట్టకపోతే పైచర్మం లోపలికి దిగిపోతుంది. మొటిమల వలన మిగిలే మచ్చలలో 80 నుంచి 90 శాతం ఈ కోవకు చెందినవే. మిగిలినవి దవడ, ఛాతీ, భుజాల మీద ఉబ్బెత్తుగా పెరిగేవి. వాటి చికిత్స పూర్తిగా వేరు.

మన ఇళ్లలో నేలకు పరిచే కడప బండ కింద ఇసుక జారిపోతే బండ కుంగుతుంది. దానిని పైనుంచి ఎంత కడిగినా, ఎంత నునుపు చేసినా అది లేవదు. పైన పూసే క్రీములు లోతైన గుంటను పూడ్చలేకపోవడానికి కారణం ఇదే. మెంతుల ముద్ద, నిమ్మరసం, ముల్తానీ మట్టి వంటివి కూడా గుంట అడుగుకు చేరవు. పైగా నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి నల్లబడవచ్చు.

గుంటలు అన్నీ ఒక రకం కావు. వీటిని మూడు రకాలుగా విడదీసి చెప్పే పద్ధతి 2001 నుంచి వైద్యులలో స్థిరపడింది. మొదటిది ఐస్‌పిక్. రెండు మిల్లీమీటర్ల కన్న సన్నగా, సూదితో పొడిచినట్టు లోతుగా దిగి ఉంటుంది. రెండవది బాక్స్‌కార్. అంచులు నిట్టనిలువుగా, అడుగు చదునుగా, చిన్న పెట్టె ముద్ర వేసినట్టు ఉంటుంది. మూడవది రోలింగ్. నాలుగైదు మిల్లీమీటర్ల కన్న వెడల్పుగా, అంచులు తెలియకుండా, చెంప అంతా అలలు అలలుగా కనిపిస్తుంది. దీనిలో చర్మాన్ని కింది కణజాలానికి కట్టివేసిన పీచు తాళ్లు ఉంటాయి. ఒకే ముఖం మీద ఈ మూడూ కలిసి ఉండడం సర్వసాధారణం. ఏ చికిత్స అన్నది ఈ రకాన్ని బట్టి ఉంటుంది. గుంటల రకం చెప్పకుండానే చికిత్స పేరు చెప్పేవారి దగ్గర జాగ్రత్తగా ఉండాలని దీనిని బట్టి మాకు అర్థమైంది.

సంబంధం తెచ్చిన గడువు

అమ్మాయి డిగ్రీ ముగించి, కడపలో తన ఫుఫూ ఇంట్లో ఉంటూ బి.ఎడ్. చదువుతున్న రోజులలో ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి ఉద్యోగస్థుడు, నమాజీ, కుటుంబం మర్యాదస్థులు. ఆడవాళ్లు వచ్చి చూసి వెళ్లారు. వారం తరువాత కబురు వచ్చింది: అమ్మాయి అన్ని విధాలా నచ్చింది, ముఖానికి ఏదైనా చికిత్స చేయించండి, షవ్వాల్‌లో నిఖా పెట్టుకుందాం. షవ్వాల్‌కు అప్పటికి నాలుగు నెలలు కూడా లేదు.

ఈ కబురు విన్నాక ఇంట్లో రకరకాల సలహాలు వచ్చాయి. చికిత్సకు అంత డబ్బు దండగ అన్నవారు కొందరు. నిఖాకు దాచిన డబ్బులోంచి తీసి వెంటనే చేయించమన్నవారు కొందరు. ముఖాలను నునుపుగా మార్చే ఫోన్ యాప్‌తో తీసిన ఫోటోలు ఇకమీదట పంపించమన్నవారూ ఉన్నారు. ఆ చివరి సలహాను మేము వెంటనే తోసిపుచ్చాము. నిఖా వంటి ఒప్పందాన్ని కనికట్టుతో మొదలుపెట్టడం మాకు ఇష్టం లేదు.

ఆ రోజులలోనే బంధువులు చెప్పిన ఒక చర్మ సౌందర్య కేంద్రానికి వెళ్లాము. అక్కడ ముఖాన్ని ఒక నిమిషం చూశారు. ఎనిమిది సిట్టింగుల ప్యాకేజీ, మూడు నెలలలో నూటికి నూరు పాళ్లు పోతాయి, మొత్తం డబ్బు ముందే కట్టాలి, లేకపోతే వాయిదాల మీద అప్పు కూడా ఇప్పిస్తామన్నారు. చికిత్స చేసేది ఎవరు అని అడిగితే సూటిగా జవాబు రాలేదు. ఆలోచించుకుని వస్తామని చెప్పి లేచాము.

ఆ రాత్రి అమ్మాయి చెప్పిన మాటతో మా నిర్ణయం కుదిరింది. "చికిత్స చేయించుకోవాలని నాకూ ఉంది అబ్బా. క్లాసులో పిల్లల ముందు నిలబడినప్పుడు నా చేయి ఊరికే చెంప మీదికి పోతోంది. కాని వాళ్ల తారీకు కోసం చేయించుకోను" అంది. మేము ఆ సంబంధంవారికి మర్యాదగా కబురు పంపాము. చికిత్స అమ్మాయి ఇష్టాన్ని, వైద్యుల సలహాను బట్టి జరుగుతుంది, నిఖాకు దానిని షరతుగా పెట్టలేము అని. వారు మళ్లీ మాట్లాడలేదు. మంచి సంబంధం చేజార్చుకున్నారని బంధువులలో కొందరు నేటికీ అంటూనే ఉన్నారు.

ముఖం విషయంలో మన చూపు ఎంత మారిపోయిందో కూడా ఆలోచించవలసిన విషయమే. మా తాతల తరంలో మశూచి గుంటలు ఉన్న ముఖాలు ప్రతి వీధిలోనూ కనిపించేవి. మన దేశంలో 1975 మే తరువాత మశూచి కేసు లేదు. 1980లో ఆ వ్యాధి ప్రపంచం నుంచే తొలగిపోయినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆ ముఖాలతోనే ఆ పెద్దలు పెళ్లిళ్లు చేసుకున్నారు, పిల్లలను పెంచారు. గుంటలు లేని ముఖాన్నే మామూలు ముఖంగా చూడడం మనకు ఈ మధ్య అలవడినదే.

ధర్మం ఏమంటున్నది

చికిత్సకు ముందు మా మనసులో ఒక సందేహం ఉండేది. అల్లాహ్ ఇచ్చిన రూపాన్ని మార్చడం అవుతుందేమో అని. దంతాలను అరగదీయించుకుని అందం కోసం సృష్టిని మార్చుకునేవారిని గట్టిగా హెచ్చరించే హదీసు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖనంగా బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. మా ఇమాం సాహెబ్‌ను అడిగినప్పుడు ఆయన ఆ హదీసులోని "అందం కోసం" అనే షరతు మీదికి మా దృష్టిని మళ్లించారు. చికిత్స కోసమో, లోపాన్ని సరిచేయడం కోసమో అయితే అభ్యంతరం లేదని ఇమాం నవవీ (రహ్మ) వివరించారని చెప్పారు.

హజ్రత్ అర్‌ఫజా బిన్ అస్‌అద్ (రజి) ఉదంతాన్ని కూడా ఆయన గుర్తు చేశారు. అజ్ఞాన కాలంలో కులాబ్ యుద్ధంలో ఆయన ముక్కు తెగిపోయింది. వెండి ముక్కు పెట్టించుకుంటే అది దుర్వాసన పట్టింది. అప్పుడు దైవప్రవక్త (స) బంగారు ముక్కు పెట్టించుకొమ్మని చెప్పారు. పురుషులకు బంగారం నిషిద్ధమైనా పోయిన రూపాన్ని సరిచేసుకోవడానికి అనుమతి లభించింది. అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఈ ఉదంతం ఉన్నది. 2007లో మలేసియాలోని పుత్రజయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ కూడా ఇదే భేదాన్ని పాటించింది. వ్యాధి వలననో, ప్రమాదం వలననో ఏర్పడిన లోపాన్ని సరిచేసుకోవడం అనుమతించదగినది. సహజంగా ఉన్న ముఖాన్ని కోరికలకు అనుగుణంగా మరో రూపంలోకి మార్చుకోవడం వేరు. మొటిమల గుంట వ్యాధి మిగిల్చిన గాయం. ఆ గాయానికి వైద్యం కోరడం తప్పు కాదనే నిశ్చింత మాకు కలిగింది.

ఇమాం సాహెబ్ మరో మాట కూడా అన్నారు. ఈ ధార్మిక చర్చ అమ్మాయి వైపు మాత్రమే జరగకూడదు, చూడవచ్చేవారి వైపు కూడా జరగాలని. హజ్రత్ జులైబీబ్ (రజి) అందగాడు కారు. దైవప్రవక్త (స) ఆయన కోసం ఒక అన్సారీ కుటుంబంలో అమ్మాయిని అడిగినప్పుడు తల్లిదండ్రులు తటపటాయించారు, అమ్మాయి ఒప్పుకుంది. రూపం చూసి వెనుకాడేవారికి ఆ అమ్మాయి నిర్ణయం నేటికీ పాఠమే.

వైద్యురాలు చూసిన తీరు

చివరకు కర్నూలులో ఎం.డి. చేసిన ఒక చర్మవైద్యురాలిని కలిశాము. ఆమె మొదట గదిలో ట్యూబులైటు ఆర్పి, చిన్న టార్చిని చెంపకు పక్కనుంచి పట్టి చూశారు. ఎదురుగా పడే వెలుతురులో గుంటలు దాగిపోతాయి, పక్కవెలుతురులో నీడ పడి లోతు తెలుస్తుంది. తరువాత చర్మాన్ని రెండు వేళ్లతో సాగదీసి చూశారు. సాగదీస్తే మాయమయ్యేవి ఏవి, కాకుండా నిలిచేవి ఏవి అని కాగితం మీద గుర్తు పెట్టుకున్నారు. కుడి చెంప మీద రోలింగ్ గుంటలు, ముక్కు పక్కన ఐస్‌పిక్, ఎడమ చెంప మీద కొన్ని బాక్స్‌కార్ అని తేల్చారు.

ఆమె అడిగిన ప్రశ్నలను ఇక్కడ రాయడం అవసరం. కొత్త మొటిమలు పూర్తిగా ఆగి ఎంతకాలమైంది? గాయమైతే ఉబ్బెత్తుగా మచ్చ పెరిగే తత్త్వం ఇంట్లో ఎవరికైనా ఉన్నదా? పెదవుల దగ్గర నీటిపొక్కులు వస్తుంటాయా? ముఖానికి స్టీరాయిడ్ కలిసిన క్రీము ఏమైనా వాడారా? ఐసోట్రెటినాయిన్ మాత్రలు ఎప్పుడు మానేశారు?

చివరి రెండు ప్రశ్నల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. తెల్లదనం కోసం మందుల దుకాణంలో చీటీ లేకుండా కొనే క్రీములలో చాలావాటిలో స్టీరాయిడ్ ఉంటుంది. మొదటి వారాలలో ముఖం మెరుస్తుంది. తరువాత చర్మం పలచబడి, ఎర్రబడి, కొత్త మొటిమలు పుడతాయి. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టీరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని నిబంధన పెట్టింది. ఇక ఐసోట్రెటినాయిన్ తీవ్రమైన మొటిమలకు గొప్ప మందు. మొటిమలను త్వరగా అదుపు చేస్తే గుంటలు పడే అవకాశమే తగ్గుతుంది. కాని గర్భిణి వాడితే శిశువుకు తీవ్రమైన అవకరాలు కలుగుతాయి. వాడుతున్నంతకాలం, మానేశాక కనీసం ఒక నెల వరకు గర్భం రాకూడదు. నిఖా దగ్గరపడిన అమ్మాయి ఈ మాత్రలు వాడుతుంటే సిగ్గుపడకుండా వైద్యులకు తారీకు చెప్పడం తల్లుల బాధ్యత.

చికిత్సా మార్గాలు

రోలింగ్ గుంటలకు మొదటి చికిత్స సబ్‌సిషన్. 1995లో ఆరెంట్రైక్ అనే అమెరికన్ వైద్యులు దీనిని వివరించారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, ప్రత్యేకమైన సూదిని చర్మం కిందికి పంపి, గుంటను లోపలికి లాగుతున్న పీచు తాళ్లను తెంపుతారు. తెగిన చోట కొత్త కొల్లాజెన్ పుడుతుంది. మా అమ్మాయికి రెండుసార్లు చేశారు. ఒక్కొక్కసారి పది రోజులపాటు చెంప కమిలి నీలంగా ఉన్నది. ముందే చెప్పి ఉండడం వలన ఎవరూ కంగారు పడలేదు.

ఐస్‌పిక్ గుంటలకు టి.సి.ఎ. క్రాస్ అనే పద్ధతి. 2002లో కొరియా వైద్యులు దీనిని ప్రచురించారు. గాఢమైన ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లాన్ని సన్నని పుల్లతో గుంట అడుగున మాత్రమే తాకిస్తారు. ఆ చుక్క తెల్లబడి, పక్కు కట్టి, వారం లోపల రాలిపోతుంది. నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో పలుమార్లు చేస్తారు. ఈ ఆమ్లం సీసాలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయని, ఇంట్లో ప్రయత్నించినవారు కాలిన మచ్చలతో తన దగ్గరకు వస్తున్నారని డాక్టరమ్మ హెచ్చరించారు. మన చర్మానికి ఎంత గాఢత వాడాలి అన్నది అనుభవం ఉన్న చేతికే తెలుస్తుంది.

లోతైన బాక్స్‌కార్ గుంటలను పంచ్ అనే చిన్న గొట్టపు కత్తితో కోసి కుట్టడమో, పైకి లేపడమో చేస్తారు. కొద్ది గుంటలు ఉన్నవారికి ఇది మంచి పద్ధతి. మొత్తం చెంపకు మైక్రోనీడ్లింగ్ చేస్తారు. సన్నని సూదులు ఒకటిన్నర నుంచి రెండున్నర మిల్లీమీటర్ల లోతుకు దిగి చర్మాన్ని కొల్లాజెన్ పుట్టించే పనికి పురికొల్పుతాయి. సూదుల కొన నుంచి రేడియో తరంగాల వేడిని పంపే యంత్రాలూ ఉన్నాయి. చర్మం నల్లబడే ప్రమాదం లేజర్‌తో పోలిస్తే దీనిలో తక్కువ కనుక మనవంటి రంగు చర్మానికి చాలామంది వైద్యులు దీనినే ముందు ఎంచుకుంటారు. ఇంట్లో తిప్పుకునే పొట్టిసూదుల రోలర్ లోతైన గుంటకు పనికిరాదు. శుభ్రత లేకపోతే చీము పడుతుంది.

ఫ్రాక్షనల్ లేజర్ 2004 నుంచి ప్రచారంలోకి వచ్చింది. చర్మం మొత్తాన్ని కాల్చకుండా సన్నని నిలువు రంధ్రాలుగా వేడిని పంపి, మధ్య మధ్య ఆరోగ్యవంతమైన చర్మాన్ని వదిలేస్తుంది. బాక్స్‌కార్ గుంటలకు మంచి ఫలితం ఇస్తుంది. కాని చామనచాయ, నల్లని చర్మంలో నెలల తరబడి నిలిచే నలుపు రావచ్చు. మా డాక్టరమ్మ ముందుగా చెవి ముందు నాణెమంత చోట పరీక్షగా చేశారు. అక్కడ వచ్చిన నలుపు పోవడానికి రెండు నెలలు పట్టింది. అది చూసి ఆమే ముఖమంతటికీ లేజర్ వద్దని చెప్పి, మైక్రోనీడ్లింగ్‌తోనే కొనసాగించారు. యంత్రం చేతిలో ఉండి కూడా వద్దని చెప్పిన ఆ నిజాయితీ వలన మాకు ఆమె మీద గురి కుదిరింది.

హయలూరోనిక్ ఆమ్లపు ఫిల్లర్లు గుంటను వెంటనే లేపుతాయి గాని కొన్ని నెలల తరువాత కరిగిపోతాయి. మన రక్తం నుంచి తీసిన ప్లాస్మాను పూసే పి.ఆర్.పి. పద్ధతి కూడా ఉన్నది. దాని వలన అదనంగా కలిగే లాభం మా అమ్మాయి విషయంలో పెద్దగా ఉండదని డాక్టరమ్మే అన్నారు. ఈ రెండింటి జోలికి మేము వెళ్లలేదు.

సీమ ఎండ, వుజూ, రంజాన్

ఏ చికిత్స అయినా తరువాతి కొన్ని వారాలు చర్మానికి ఎండ శత్రువు. కర్నూలు, కడపలలో వేసవిలో 42 డిగ్రీలు దాటడం మామూలే. అందుకని మాకు సిట్టింగులన్నీ నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల పెట్టారు. మార్చి నుంచి వేసవి ముగిసేదాకా విరామం. షవ్వాల్ గడువు ఎందుకు కుదరదో అప్పుడు మాకు ఇంకా బాగా తెలిసింది. కడప నుంచి మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల దారిలో బస్సు ప్రయాణం ఐదారు గంటలు. కిటికీ పక్కన ఎండ పడే సీటు వద్దని, అస్ర్ తరువాతి బస్సు ఎక్కమని డాక్టరమ్మ చెప్పారు.

నకాబ్ ఉన్నది కదా, సన్‌స్క్రీన్ ఎందుకు అని అమ్మాయి అడిగింది. పలుచని గుడ్డ గుండా కొంత ఎండ దిగుతుంది, ఇంటి వాకిట్లో, డాబా మీద నకాబ్ ఉండదు. ఎస్.పి.ఎఫ్. 30 లేదా అంతకు మించినది, రెండు వేళ్ల పొడవునా పిండినంత, రెండు మూడు గంటలకు ఒకసారి రాయాలి. చికిత్స అయిన వారం రోజులు నకాబ్ గుడ్డ మెత్తని నూలుదై ఉండాలి, రోజూ ఉతకాలి. చెమట పట్టిన సింథటిక్ గుడ్డ రాపిడి కొత్త చర్మానికి మంచిది కాదు.

వుజూ గురించి ఇమాం సాహెబ్‌ను ముందే అడిగాము. సూది చికిత్స జరిగిన రోజు ముఖం తడపవద్దని వైద్యురాలు చెప్పారు. నీరు హాని చేస్తుందని నమ్మదగిన వైద్యులు చెప్పినప్పుడు ఆ భాగాన్ని కడగకుండా తడిచేతితో తుడిస్తే చాలు, తుడవడం కూడా హాని అయితే ఆ భాగాన్ని వదిలివేయవచ్చు అని ఆయన చెప్పారు. అమ్మాయికి ఒక్క నమాజు కూడా తప్పలేదు. ఇక సన్‌స్క్రీన్ చర్మంలో ఇంకిపోయే రకమైతే చిక్కు లేదు. పొరలాగా నిలిచేదైతే కడిగి, వుజూ చేసి, మళ్లీ రాసుకోవాలి. మత్తు ఇంజెక్షన్, మాత్రలు, తరచుగా నీళ్లు తాగడం ఉంటాయి కనుక రంజాన్‌లో సిట్టింగు పెట్టుకోలేదు. చికిత్స గదిలో తల్లి ఉండవచ్చా అని మొదటి రోజే అడిగాము. తప్పక ఉండండి అన్నారు.

ఫలితం, ఖర్చు

కొత్త కొల్లాజెన్ కుదురుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. కనుక వారం వారం అద్దం చూసుకుని నిరాశపడడం తగదు. డాక్టరమ్మ మొదటి రోజునే, లోతు సగం తగ్గితే మంచి ఫలితమని, నునుపైన చెంప మాత్రం ఎవరూ ఇవ్వలేరని చెప్పారు. రెండు చలికాలాల తరువాత ఇప్పుడు రోలింగ్ గుంటలు బాగా తగ్గాయి. ముక్కు పక్కనవి కొంత తగ్గాయి. ఎడమ చెంప మీది రెండు బాక్స్‌కార్ గుంటలు దాదాపు అలాగే ఉన్నాయి. వాటికి పంచ్ పద్ధతి చేయవచ్చు అన్నారు. అమ్మాయి వద్దన్నది. "ఇవి ఉండనీ అమ్మీ, వీటితో నాకు ఇబ్బంది లేదు" అంది. ఎక్కడ ఆపాలో ఆమే నిర్ణయించుకోవడం మాకు చికిత్స ఫలితం కన్న ఎక్కువ సంతోషాన్నిచ్చింది. ఇప్పుడు ఆమె కడపలో ఒక పాఠశాలలో పాఠాలు చెబుతున్నది. ఇంకా నిఖా కాలేదు. ఆ సమయం అల్లాహ్ చేతిలో ఉన్నది.

ఖర్చును మేము సిట్టింగుకు సిట్టింగు కట్టాము, ముందుగా ఎక్కడా కట్టలేదు. నిఖా కోసం దాచినది తీయలేదు, అప్పు చేయలేదు. స్తోమత లేనప్పుడు ఒక సిట్టింగును మరుసటి నెలకు జరిపాము. గుంటలు కదలవు, పారిపోవు, కనుక ఆలస్యం వలన నష్టం లేదు. ఆలస్యం చేయకూడనిది చురుకుగా ఉన్న మొటిమల చికిత్స. దానికి మన జిల్లాలలోనే పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. కర్నూలు వైద్య కళాశాల, 2006లో ఏర్పడిన కడప రిమ్స్ అనుబంధ ఆసుపత్రులలో చర్మవ్యాధుల ఓ.పి.కి వెళ్లవచ్చు. గుంటల చికిత్స మరొకచోట చేయించుకున్నా, గుంటల రకం ఏమిటో ముందుగా ఇటువంటి చోట అడిగి తెలుసుకోవడం మంచిది.

తల్లిదండ్రులకు మా విన్నపం ఇది. ఎవరి దగ్గరకు వెళ్లినా ఈ ప్రశ్నలు అడగండి. మీరు చర్మవ్యాధులలో ఎం.డి. గాని డిప్లొమా గాని చేశారా? సూది పట్టేది మీరేనా, సహాయకులా? మా పిల్లకు ఉన్నవి ఏ రకం గుంటలు? మావంటి రంగు చర్మం నల్లబడితే ఏం చేస్తారు? ముందు చిన్న చోట పరీక్ష చేస్తారా? ఎంత తగ్గుతుంది, ఎంత తగ్గదు? ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట డబ్బు కట్టకండి. వాటన్నిటికన్న ముందు ఇంట్లో పిల్లను ఒక ప్రశ్న అడగండి: నీకు కావాలా అని. వద్దంటే ఆ మాటను గౌరవించండి. కావాలంటే దుబారా అని కసురుకోకండి. మగపిల్లలను కూడా ఇలాగే అడగండి. వారికీ గుంటలు పడతాయి, వారికీ మనసు ఉంటుంది, వారు బయటికి చెప్పుకోరు.

చికిత్సను ప్రసాదించేవాడు, స్వస్థతను చేకూర్చేవాడు అల్లాహ్. మన పిల్లల ముఖాలను చూసేవారికి మంచి చూపును, వారి మనసులకు నెమ్మదిని ఆయన ప్రసాదించుగాక. ఆమీన్.